చెట్టుకు వేలాడే సినిమా

(క్రిస్మస్ చెట్టుకు వేలాడదీసే సినిమా బొమ్మలు, అంటే సినిమా ఆర్నమెంట్లు, సేకరించేవాళ్ల కూడికలో చేసిన ప్రసంగానికి రాతరూపం)

అందరికీ నమస్కారం. వెనక వరసకు వినిపిస్తోందా? ఈ మైకుకూ నాకూ పడదు. దగ్గరగా పెట్టుకుంటే ఉరుముతాను, దూరం జరిపితే గొణుగుతాను. మధ్యలో ఎక్కడో సర్దుకుపోదాం.

మాటలకన్నా ముందు రెండు వస్తువులు చూపిస్తాను. నా ఎడమ చేతిలో ఉన్నది చూడండి. ఏ సినిమా అన్నది అనవసరం. ఒక హీరో నడుం మీద చేతులు పెట్టుకుని, కాళ్లు ఎడంగా పెట్టి నిలబడ్డాడు. ముఖం బాగానే కుదిరింది, కోటు మడతలు కూడా ఓపిగ్గా చెక్కారు. నడినెత్తిన ఒక రింగు. ఇప్పుడు దారం పట్టుకుని బొమ్మను వదిలేస్తున్నాను. ఏమనిపిస్తోంది? (ముందు వరసలోంచి: "ఉరేసినట్టుంది!") అదీ. ఆ మాట మీరన్నారు, నేననలేదు. (నవ్వులు)

ఇప్పుడు కుడి చేయి. ఒక సైకిలు, దాని ముందు బుట్ట, బుట్టలో తెల్లగుడ్డ కప్పుకున్న వింత ప్రాణి, వెనకాల పెద్ద చంద్రుడు. 1982లో వచ్చిన 'ఇ.టి.' సినిమాది. దీన్నీ వదులుతున్నాను. ఇది వేలాడటం లేదు, ఎగురుతోంది. దారం అదే, కొక్కెం అదే, పట్టుకున్న చెయ్యీ నాదే.

ఇరవై ఏళ్లకు పైగా ఈ పిచ్చిలో ఉన్నాను. కొన్నవాటిలో సగం మళ్లీ అమ్ముకున్నాను. ఏవి అమ్మేశాను, ఏవి ఉంచుకున్నాను అని ఓ రోజు లెక్క వేసుకుంటే ఒక సంగతి బయటపడింది. ఉంచుకున్నవాటిలో ఎక్కువ భాగం, సినిమాలో కూడా గాల్లోనే ఉండేవి. మేరీ పాపిన్స్ పట్టుకుని ఎగిరే గొడుగు. 'అప్'లో బెలూన్లు కట్టుకుని లేచిపోయే ఇల్లు. చీపురు మీద దూసుకుపోయే హ్యారీ పోటర్. 'స్టార్ వార్స్'లోని అంతరిక్ష నౌక మిలీనియం ఫాల్కన్. అమ్మేసినవన్నీ నిలబడ్డ మనుషులు. షోకేసులో బొమ్మ నిలబడుతుంది, చెట్టు మీద బొమ్మ వేలాడుతుంది. ఈ తేడా పట్టించుకోకుండా తయారుచేస్తే అది నెత్తిన కొక్కెం కొట్టిన ఆటబొమ్మే, ముఖం ఎంత కుదిరినా సరే.

ఇదేమీ నేను కొత్తగా కనిపెట్టిన సూత్రం కాదు. జర్మనీలో తురింగియా కొండల మధ్య లౌషా అని ఒక ఊరుంది. 1597లో అక్కడ గాజు కొలిమి పెట్టారు. 19వ శతాబ్దంలో ఆ ఊరివాళ్లు చెట్టుకు కట్టే గాజు గోళాలు ఊదడం మొదలుపెట్టారు. తర్వాత అచ్చుల్లో ఊది పళ్లు, కాయలు, పక్షులు చేశారు. లోపల వెండిపూత, బయట రంగు. అమెరికాలో దుకాణాలు నడిపే వుల్‌వర్త్ 1880లో, ఇవేం అమ్ముడుపోతాయిలే అని గొణుక్కుంటూనే ఓ పాతిక డాలర్ల సరుకు తీసుకున్నాడట. రెండు రోజుల్లో ఖాళీ. ఆ తర్వాత ఆయనే లౌషా గాజుకు పెద్ద కొనుగోలుదారు అయ్యాడు. ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, ఆకాశంలోకి జెప్పెలిన్లు, అంటే పొడవాటి గాలి ఓడలు, వచ్చి జనమంతా తలెత్తి చూస్తున్న రోజుల్లో, ఆ గాజు పనివాళ్లు జెప్పెలిన్ ఆర్నమెంట్లు ఊదారు. సినిమా ఆర్నమెంట్‌కు తాత ఎవరంటే నేను ఆ గాజు జెప్పెలిన్‌నే చూపిస్తాను. జనం దేన్ని నోరు తెరిచి చూశారో అది చెట్టెక్కింది. పైగా అది ఎగిరేది. ఆ పనివాళ్లకు సూత్రాలెవరూ చెప్పలేదు, చేతికే తెలుసు.

ఇక మనందరి జేబులూ ఖాళీ చేసిన కథ. అమెరికాలో గ్రీటింగ్ కార్డులు చేసే హాల్‌మార్క్ కంపెనీవాళ్లు 1973లో కీప్‌సేక్ అనే పేరుతో ఆర్నమెంట్లు మొదలుపెట్టారు. మొదటి ఏడాది మొత్తం 18 వచ్చాయి. గాజు గోళాలు 6, ఊలు దారంతో చుట్టిన బొమ్మలు 12. వాటిలో సినిమా వాసన కూడా లేదు. 1984లో దీపం వెలిగేవి తెచ్చారు. 1987లో సేకర్తలకు క్లబ్బు పెట్టారు. 1991లో 'స్టార్ ట్రెక్'లోని అంతరిక్ష నౌక ఎంటర్‌ప్రైజ్ వచ్చింది, శిల్పి లిన్ నార్టన్. అది టీవీ సీరియల్ కదా అనే పెద్దమనిషి ప్రతి సభలోనూ ఒకరు ఉంటారు. 1979 నుంచి సినిమాలూ వచ్చాయి కాబట్టి నన్ను వదిలేయండి. ఆ ఎంటర్‌ప్రైజ్ చెట్టు మీద వెలుగుతుంటే, అప్పటిదాకా దేవదూతలు, మంచుబొమ్మలు తప్ప ఇంకేమీ ముట్టని ఇళ్లలోకి కూడా ఈ పిచ్చి పాకింది. 1996లో ఫాల్కన్, ఆ మరుసటి ఏడాది 'స్టార్ వార్స్' హీరో ల్యూక్ స్కైవాకర్‌తో ఒక సిరీస్. ఇక ఆగలేదు.

సిరీస్ అనగానే ఒక చిన్న గుర్తు. హాల్‌మార్క్ బొమ్మ చేతికొస్తే తిరగేసి అడుగు చూడండి. చిన్న చెట్టు ఆకారం, లోపల ఒక అంకె ఉంటే అది సిరీస్‌లో ఎన్నోదో చెబుతుంది. బియ్యపుగింజంత ఉంటుంది, భూతద్దం కావాలి. కొత్తవాళ్లు పొరపడేది ఇంకోచోట. పక్కనే కాపీరైటు గుర్తు, స్టూడియో పేరు, ఒక సంవత్సరం ఉంటాయి. ఆ సంవత్సరం సినిమా హక్కులది కావచ్చు, బొమ్మ తయారైన ఏడాదే కానక్కర్లేదు. దాన్ని పట్టుకుని "ఇది చాలా పాతది" అని అమ్మేవాడు చెబితే, తెలియక చెబుతున్నాడో తెలిసే చెబుతున్నాడో మీరే ఊహించుకోండి.

నిలబడ్డ మనుషుల మీద నాకెందుకంత కోపం అని అడిగారు ఒకాయన, టీ విరామంలో. కోపం కాదండీ, లెక్క. బొమ్మ ఎత్తు 10 సెంటీమీటర్లు అనుకోండి. మనిషి కొలతల ప్రకారం తల ఒకటిన్నర సెంటీమీటర్ల లోపే. అందులో కన్ను 2 మిల్లీమీటర్లు. నల్లగుడ్డు ఒక మిల్లీమీటరు కూడా ఉండదు. ఈ కళ్లను సాధారణంగా చేత్తో దిద్దరు, మెత్తటి రబ్బరు ముద్రతో అద్దుతారు, ప్యాడ్ ప్రింటింగ్ అంటారు. ముద్ర అర మిల్లీమీటరు పక్కకు జరిగిందంటే మీ అభిమాన తారకు మెల్లకన్ను. అందుకే ఎప్పుడూ ఒక్కటి చూసి కొనకండి, పక్కపక్కన నాలుగు పెట్టించుకుని ముఖాలు పోల్చండి. అమ్మేవాళ్లు విసుక్కుంటారు, విసుక్కోనివ్వండి. 'స్టార్ వార్స్'లో ముసుగు వేసుకున్న విలన్ డార్త్ వేడర్ బొమ్మలు ఎప్పుడూ బాగా కుదరడానికి కారణం కూడా ఇదే. ముసుగుకు మెల్లకన్ను రాదు. ఇంకోటి, సినిమా హక్కులు వేరు, నటుడి ముఖం మీద హక్కు వేరు. రెండోది దొరకనప్పుడు ముఖం లీలగా చెక్కేస్తారు. లేదంటే మనిషిని వదిలేసి కారో టోపీయో చేస్తారు. నిజం చెప్పాలంటే, కారే నయం.

హక్కుల గురించి ఇంకో ముచ్చట, నాకు భలే ఇష్టమైనది. 'విజార్డ్ ఆఫ్ ఆజ్' సినిమాలో డొరతీ అనే అమ్మాయి చెప్పులు ఏ రంగు? (సభలోంచి: "ఎరుపు!") అందరూ ఎరుపే అంటారు. కానీ 1900లో వచ్చిన నవలలో అవి వెండి చెప్పులు. 1939లో సినిమా తీసినప్పుడు టెక్నికలర్ అనే రంగుల పద్ధతిలో మెరవాలని కెంపు రంగు చేశారు. నవల మీద కాపీరైటు ఏనాడో తీరిపోయింది, కాబట్టి వెండి చెప్పుల ఆర్నమెంట్ మీరైనా చేసి అమ్ముకోవచ్చు. కెంపు చెప్పులు సినిమావాళ్ల సొత్తు, లైసెన్సు కావాలి. సినిమాలో వాడిన అసలు చెప్పుల్లో ఒక జత 2005లో అమెరికాలోని మిన్నెసోటాలో, డొరతీగా నటించిన జూడీ గార్లాండ్ పేరిట ఉన్న మ్యూజియంలో చోరీ అయి, 2018లో దొరికి, 2024 డిసెంబరులో వేలానికొచ్చింది. పాట 2 కోట్ల 80 లక్షల డాలర్ల దగ్గర ఆగింది. మనం మన బొటనవేలంత జతతో తృప్తిపడదాం. చెప్పులు ఎగరవు కదా, మరి నీ సూత్రం ఏమైంది అంటారా? నిజమే, దీనికది చెల్లదు. చెట్టు దీపాలు ఆ ఎర్రటి మెరుపుల్లో పడి ఒక్కో తళుకు ఒక్కో వైపు చిమ్ముతుంటే సూత్రం ఎవరికి గుర్తుంటుంది!

సూత్రాన్ని కాసేపు పక్కన పెట్టాను కాబట్టి, ఇంకో జాతి గురించి కూడా చెప్పనివ్వండి. సినిమాలోనే చెట్టుకు వేలాడిన వస్తువులు. 1946 నాటి 'ఇట్స్ ఎ వండర్‌ఫుల్ లైఫ్' చివర్లో చెట్టు మీది చిన్న గంట మోగుతుంది. గంట మోగితే ఒక దేవదూతకు రెక్కలొచ్చినట్టు అని కథానాయకుడు జార్జ్ కూతురు చెబుతుంది. ఆ గంట ఆర్నమెంట్‌ను ఎన్నో కంపెనీలు చేశాయి. కొన్నింటికి లోపల నాలుక ఉండదు, ఊపితే చప్పుడు రాదు! అలాంటిది కొనేముందు ఒక్కసారి చెవి దగ్గర పెట్టుకుని ఊపండి. మోగని గంట ఆ సినిమాకు అవమానం.

'హోమ్ అలోన్'లో కిటికీ కింద గాజు ఆర్నమెంట్లు పరిచి ఉంటే దొంగ వట్టి కాళ్లతో వాటి మీద దిగే సీను మీకందరికీ గుర్తుండే ఉంటుంది. లోకమంతా నవ్వింది, మన సేకర్తలం మాత్రం గోళాలు లెక్కపెట్టుకుంటూ ఏడ్చాం. (నవ్వులు) కానీ నేను చెప్పాలనుకున్నది రెండో భాగం గురించి, 1992లో వచ్చింది. బొమ్మల దుకాణం పెద్దాయన కుర్రాడికి చెట్టు మీంచి ఒకటి తీసుకో అంటాడు. రెండు పావురాల ఆర్నమెంట్లున్న జంట గువ్వలను తీసుకోమని సలహా కూడా తనే ఇస్తాడు. ఒకటి నువ్వుంచుకో, ఇంకోటి నీకు కావలసిన మనిషికి ఇవ్వు, చెరొకటి ఉన్నంత కాలం స్నేహం చెడదు అని చెబుతాడు. సినిమా చివర్లో కుర్రాడు పార్కులో పావురాలకు మేత వేసే ఆవిడను వెతుక్కుంటూ వెళ్లి రెండోది ఆమె చేతిలో పెడతాడు.

ఇప్పుడు మన సంగతి చూడండి. ఆ గువ్వల జతను పెట్టెలో, రెండూ పక్కపక్కన, నలగకుండా, పైన ప్లాస్టిక్ మూత కూడా తీయకుండా దాచుకుంటాం. ఒకటి పోయిందంటే సెట్టు పాడైందంటాం, విలువ సగానికి పడిపోయిందంటాం. సినిమా ఏం చెప్పింది? జత విడగొడితేనే దానికి అర్థం అంది. ఈ ఒక్క ఆర్నమెంట్‌ విషయంలో పూర్తి సెట్టు ఉన్నవాడు సినిమా సరిగా చూడనివాడు. నేను అయిదేళ్లు రెండూ ఉంచుకున్నాను. ఒకసారి చిన్ననాటి స్నేహితురాలు ఇంటికొచ్చి చెట్టు చూస్తూ నిలబడితే, ఏమనుకున్నానో ఏమో, ఒకటి తీసి ఇచ్చేశాను. తను ఆ సినిమా చూడలేదట. "ఈ పావురం ఏంటే?" అంది. మొత్తం కథ చెప్పాల్సొచ్చింది. ఇప్పుడు డిసెంబరు రాగానే తన చెట్టు మీది గువ్వ ఫోటో నాకొస్తుంది, నాది తనకు పంపుతాను. ఫోటోలో తను పావురాన్ని తలకిందులుగా కట్టిన ఏడాది కూడా ఉంది. నేనేమీ అనలేదు. కష్టపడి ఊరుకున్నాను.

పెట్టెల గొడవ ఎలాగూ వచ్చింది. పెట్టె తెరవకూడదు, కానీ చెట్టు నిండుగా ఉండాలి. కుండలో కూడు కుండలోనే ఉండాలి, పిల్లాడు మాత్రం గుండులా ఉండాలి అన్నట్టు. అమ్మకానికి కొంటే పెట్టె ముఖ్యమే, కాదనను. ఒక్కటి మాత్రం ఆలోచించండి. అందరూ పెట్టెతో సహా దాచుకున్న వస్తువు అరుదెలా అవుతుంది? 90ల నాటి పేరున్న ఆర్నమెంట్లు ఎన్నో అటకల మీద కొత్తవాటిలాగే పడున్నాయి, అందుకే రేట్లు లేవలేదు. వాడి, పగలగొట్టి, పారేసినవే ఇవాళ దొరకడం లేదు.

దాచడంలో నేను చేసిన తప్పులు చెబుతాను, మీరు చేయకండి. మాట్లాడే ఆర్నమెంట్ ఒకటి, బటన్ బ్యాటరీలు తీయకుండా మూడేళ్లు పెట్టెలో ఉంచాను. తెరిచేసరికి బ్యాటరీ గదిలో తెల్లగా ఉప్పు పట్టినట్టు పొక్కు. ఆల్కలైన్ బ్యాటరీ కారితే వచ్చేది క్షారం. చెవిపుల్లకు కాస్త వెనిగర్ అద్ది రుద్దితే పొంగు వచ్చి పోతుంది, తర్వాత పొడిగా తుడవాలి. నా బొమ్మలో ఆ క్షారం లోపలి లోహపు పలకలను తినేసిన తర్వాత రుద్దాను, అది మళ్లీ నోరు విప్పలేదు. చెట్టు తీసేరోజు మొదటి పని బ్యాటరీలు పీకడం. మెత్తటి ప్లాస్టిక్ బొమ్మలను బబుల్ ర్యాప్‌లో చుట్టకండి, వేడికి అతుక్కుని బుడగల అచ్చులు పడతాయి. ఆమ్లం లేని పల్చటి కాగితం వాడండి. అటక వద్దు, పైకప్పు వేడికి సన్నటి భాగాలు వంగుతాయి. పాత గాజు ఆర్నమెంట్లను నీళ్లతో కడగొద్దు, రంగు ఊడొస్తుంది. మెత్తటి కుంచెతో దులపండి, అంతే.

రెండో తప్పు ఇంకా సిగ్గుచేటు. పాత మ్యాజిక్ ఆర్నమెంట్లకు, అంటే హాల్‌మార్క్‌వాళ్ల దీపం వెలిగే రకానికి, బ్యాటరీ ఉండదు. దీపాల దండలో ఒక చిన్న బల్బు పీకి, ఆ చోట ఆర్నమెంట్ తీగను దూర్చాలి. ఒక ఏడాది ఇంట్లో దండలన్నీ మార్చి ఎల్‌ఈడీవి వేశాను. ఎంటర్‌ప్రైజ్ తీగను ఎలాగో దూర్చాను. చీకటి. తిప్పాను, తట్టాను, ఊదాను. చచ్చిపోయిందనుకున్నాను. "పనిచేయదు" అని రాసి అమ్మకానికి పెట్టబోతుంటే ఓ పెద్దాయన ఆపాడు. అమెరికాలో కరెంటు 120 వోల్టులు. పాతరకం దండలో 50 బల్బులు వరసగా ఉంటాయి, కాబట్టి ఒక్కోదానికి సుమారు 2.4 వోల్టులు అందుతుంది. ఆర్నమెంట్‌ను ఆ లెక్కకే తయారుచేశారు. ఎల్‌ఈడీ దండలో పారే కరెంటు చాలా తక్కువ, దానికి చాలదు. ఆయన ఓ పాత 50 బల్బుల దండ తెచ్చి దూర్చాడు. నౌక వెలిగింది. 35 బల్బుల దండలో పెడితే వోల్టేజి పెరిగి ఆర్నమెంట్ మాడుతుందని కూడా చెప్పాడు. ఇక 230 వోల్టుల దేశాల్లో ఉన్నవాళ్లు స్థానికంగా దొరికిన దండలో పెట్టి చూద్దాం అనుకోకండి.

కట్టే పద్ధతి గురించి రెండు మాటలు. ఎగిరేవాటిని ఒక్క దారంతో కడితే తిరుగుతూ ఉంటాయి, సరిగ్గా చుట్టాలొచ్చే సమయానికి మీకు వీపు చూపిస్తాయి. చేపలు పట్టే సన్నటి నైలాన్ దారం తీసుకుని ముందూ వెనకా రెండు చోట్ల కట్టి, పైన రెండు కొసలూ వేర్వేరు కొమ్మలకు వేయండి. తిరగదు. దారమూ కనిపించదు. ముక్కు కాస్త పైకి ఉండేలా ముందు దారం పొట్టిగా కట్టండి. చూసే కంటికన్నా కొంచెం ఎత్తులో పెట్టండి, సినిమాలో కూడా వాటిని కిందినుంచే చూశాం కదా. బరువైనవి కొమ్మ చివర కాదు, మొదలు దగ్గర.

ప్రశ్నలుంటే అడగండి. చెప్పండమ్మా.

(ప్రశ్న: "మా పిల్లలకు ఈ పాత సినిమాలేవీ తెలియవు. నేను పోయాక ఇవన్నీ ఎవరికి?")

మంచి ప్రశ్న. ఒక్కోదానికి ఒక చీటీ రాసి పెట్టెలో పెట్టండి. కొన్న రేటు రాయొద్దు. ఏ సినిమాలో ఏ సీను, మీరెవరితో కలిసి చూశారు, అంతే రాయండి. నా స్నేహితురాలు అడిగింది చూడండి, "ఈ పావురం ఏంటే?" అని. ఆ ప్రశ్నకు జవాబు పెట్టెలో ఉంటే చాలు. అమ్ముకుంటారా, అమ్ముకోనివ్వండి. చీటీతో సహా అమ్ముతారు.

ఇంకొకటి చూపించి దిగిపోతాను. ఇది 1992 నాటి గెలీలియో షటిల్, 'స్టార్ ట్రెక్'దే. ఇందులో స్పాక్ పాత్ర వేసిన లియొనార్డ్ నిమోయ్ గొంతు ఉంది. స్పాక్ ఎంటర్‌ప్రైజ్‌ను పిలిచి పండగ శుభాకాంక్షలు చెబుతాడు. పాత దండ తెచ్చాను, 50 బల్బులే, లెక్కపెట్టాను. బాబూ, ఆ గోడ దగ్గరున్న ప్లగ్గు కాస్త పెట్టు. అందరూ ఒక్క నిమిషం నిశ్శబ్దంగా ఉండండి, గొంతు చాలా చిన్నది. మైకు దీనికే ఇచ్చేస్తున్నాను.